పొట్టకాడి తోలు

చంద్రకాంత్ పంపిన తోలు మంచిదని చేత్తో పట్టుకోగానే రవళికి తెలిసిపోయింది. నునుపు వైపు లోపలికి వచ్చేలా మడిచి చూసింది. లోపల వదులుగా ఉన్న తోలైతే మడత దగ్గర సన్నని ముడతలు లేస్తాయి. దీనికి ఒక్కటీ లేవలేదు. మంచి బర్రె తోలు, తొందరపడకుండా నానబెట్టి, చెట్టు బెరడు రసంలో ఓపికగా పదును చేసిన తోలు. అది మంచిది కావడమే ఆమెకు కష్టంగా అనిపించింది.

పటాన్‌చెరు పారిశ్రామికవాడలోని ఆ కంపెనీ వెల్డర్ల చేతి తొడుగులు, బూట్లు, కరెంటు స్తంభాలు ఎక్కేవాళ్లు నడుముకు కట్టుకునే బెల్టులు చేస్తుంది. వచ్చిన తోలును పరీక్షించే ల్యాబుకు రవళి ఇన్‌ఛార్జి. ఆమె సంతకం లేకుండా ఒక్క తోలు కూడా కటింగ్ సెక్షన్‌కు పోదు. ఈసారి బెల్టుల ఆర్డరు పెద్దది. దానికోసం చంద్రకాంత్ కార్ఖానా నుంచి మొదటిసారి సరుకు తెప్పించారు. ల్యాబులో మిగతావాళ్లకు ఆయన పేరు కొత్త. రవళికి మాత్రం పదో తరగతి నుంచీ తెలుసు.

ఆమె తండ్రి యాదన్నది కొండాపూర్ మండలంలో ఒక చిన్న ఊరు. వ్యవసాయ కూలీ. పనులు లేని రోజుల్లో ఒక కాంట్రాక్టరు కింద కరెంటు స్తంభాలెక్కి తీగలు బిగించేవాడు. ఒకరోజు స్తంభం పైన బెల్టు మీద బరువు మోపి వెనక్కి వాలాడు. బెల్టు తెగింది. కింద పొలం గట్టున కంచె కోసం పాతిన కడీ రాయి మీద నడుము పడింది. ఆ తర్వాత ఆయన కాళ్లు లేవలేదు.

సంగారెడ్డి ఆస్పత్రికి కాంట్రాక్టరు వచ్చాడు, ఊరి పెద్దమనుషులు వచ్చారు. ఆ బెల్టులు చేసిచ్చిన చంద్రకాంత్ కూడా వచ్చాడు. తెగిన బెల్టును అటూ ఇటూ తిప్పి చూసి, మంచం పక్కనే నిలబడి, అందరూ వినేలా అన్నాడు: "నా బెల్టు తెగేది కాదు. కల్లు తాగి ఎక్కినోన్ని ఏ బెల్టు ఆపుతది?"

యాదన్న జన్మలో కల్లు ముట్టలేదు. మెడలో తులసి మాల ఉండేది. శనివారం శనివారం హనుమంతుని గుడిలో జరిగే భజనలో తాళం ఆయనదే. కానీ మాట పుట్టింది. కాంట్రాక్టరు దాన్ని పట్టుకుని తప్పించుకున్నాడు. ఊళ్లో కొందరు "ఏమో, ఎవరికెరుక" అన్నారు. భజన మండలి వాళ్లు మొదట ఒక వారం పిలవలేదు, తర్వాత ఇక పిలవలేదు. తాగినోడు మాల వేసుకోవద్దని ఎవరో అన్నారని విని, యాదన్న మాల తీసి గూట్లో పెట్టాడు. అప్పటి నుంచి ఇంటి ముందు చాపలో కూర్చుని ఊళ్లోవాళ్ల మంచాలకు నవారు అల్లుతున్నాడు.

తెగిన బెల్టును తల్లి ఆగమ్మ పారేయనివ్వలేదు. రవళి ఇంటర్ అయ్యాక లెదర్ డిప్లొమాలో చేరింది. ఆడపిల్లకు తోళ్ల చదువేమిటని అందరూ అడిగారు. ఎందుకో తల్లీకూతుళ్లకు తెలుసు. రెండో ఏడు, మైక్రోస్కోపు వాడటం చేతకాగానే, ఆ బెల్టు అంచు నుంచి పల్చని పొర కోసి అద్దం కింద పెట్టింది.

తోలు బలమంతా కొల్లాజెన్ పోగులది. వెన్ను దగ్గర ఆ పోగుల కట్టలు పైకీ కిందికీ, అటూ ఇటూ ఒకదాంట్లోంచి ఒకటి దూరి పెనవేసుకుని ఉంటాయి. ఎటు లాగినా ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. పొట్ట దగ్గర అలా కాదు. పశువు కడుపు నిండా మేసినప్పుడు, చూడితో ఉన్నప్పుడు అక్కడి చర్మం సాగాలి. అందుకని పోగులు వదులుగా, చాలావరకు ఒకే వాటంగా పడుకుని ఉంటాయి. ఆ వాటానికి అడ్డంగా బరువు పడితే విడిపోతాయి. యాదన్న బెల్టులో రవళికి కనిపించినవి ఆ పడుకున్న పోగులే. పొట్టకాడి తోలును వేడి పలక కింద నొక్కి, రంగు పట్టించి, పాలిష్ కొట్టి వెన్ను తోలులా చేసి ఇచ్చారు. ఆ రోజు ఆమె హాస్టల్లో అన్నం తినలేదు. ఏడవనూ లేదు. చంద్రకాంత్ అనే మనిషి ఎప్పుడో ఒకప్పుడు తన చేతికి దొరకాలని మాత్రం అనుకుంది.

ఇప్పుడు దొరికాడు. దొరికినవాడు మంచి తోలు పంపాడు.

తోళ్లను వెన్ను వెంట నిలువునా రెండుగా చీల్చి పంపుతారు. ఒక్కో సగాన్ని సైడు అంటారు. పరీక్షకు ముక్క ఎక్కడ కొయ్యాలో నియమం ఉంది: తోక వైపున, వెన్నుకు దగ్గరగా. రవళి లాటులోంచి కొన్ని సైడ్లు తీసి బల్ల మీద పరిచింది. అచ్చు కత్తిని వెన్ను దగ్గర పెట్టబోయి ఆగింది. దాన్ని కిందికి, పొట్ట అంచు దాకా జరిపింది. పోగుల వాటానికి అడ్డంగా తిప్పింది. నొక్కింది.

లాగి బలం కొలిచే మిషన్ రెండు దవడల మధ్య ముక్క సాగింది, తెల్లగా పీచు తేలింది, తెగింది. అంకె కావలసినదానికి చాలా కింద ఆగింది. మిషన్ అబద్ధం చెప్పలేదు. ముక్క ఎక్కడిదో కాగితం మీద రాసినప్పుడు రవళి అబద్ధం రాసింది. లాటు తిరస్కరించారు. రెండో లాటు వచ్చింది, దానికీ అదే చేసింది. మూడోదానికీ అంతే.

చంద్రకాంత్ స్వయంగా వచ్చాడు. మనిషి ముసలివాడైపోయాడు. జుట్టు నెరిసింది, గోళ్ల చుట్టూ బెరడు రసం మరక దిగిపోయి ఉంది. రవళిని గుర్తుపట్టలేదు. ఆస్పత్రి మంచం దగ్గర రెండు జడలతో నిలబడ్డ పిల్లను ఆయన ఆ రోజు చూసి ఉండడు.

"బిడ్డా, నా తోలు ఇప్పటిదాక ఎవ్వరు వాపస్ పంపలే," అన్నాడు. "జెర మల్లొక్కసారి చూడరాదు?"

"కూసోండ్రి. మీ ముందలే చూస్త," అంది రవళి.

ముందే కోసి ఉంచిన పొట్ట ముక్కను దవడల్లో బిగించి మీట నొక్కింది. ఆయన కళ్లజోడు సవరించుకుని ముందుకు వంగాడు. ముక్క తెగిన చప్పుడుకు ఆయన భుజాలు ఒక్కసారి కదిలాయి. రవళి ముక్కను కాదు, ఆ భుజాలను చూసింది.

"గిట్లెట్లయితది," అన్నాడు. "నానవెట్టుడు సరిగనే పెట్టిన. రసం గూడ మార్చలే."

"నాకేం తెలుసు సేటు? మిషన్ చెప్పింది."

ఆయన వెళ్లాక క్యాంటీన్‌లో రవళి రెండోసారి అన్నం పెట్టించుకుంది. చాలా ఏళ్ల తర్వాత తిన్నది ఒంటికి పట్టినట్టు అనిపించింది. కొన్ని వారాలకు చంద్రకాంత్ కార్ఖానాలో పనిచేసే ఒడిశా కుర్రాళ్లు ఊళ్లకు వెళ్లిపోతున్నారని లారీ డ్రైవరు చెబితే విని, ఇంటికి ఫోన్ చేసింది. జరిగిందంతా చెప్పింది.

ఆగమ్మ, "మూతవడనియ్యి," అంది. "తాళమేసినంక నాకు చెప్పు. బాపుకు మాత్రం చెప్పకు."

ఆ తర్వాత ప్రొడక్షన్ మేనేజర్ శ్రీకాంత్ ఆమెను గోదాములోకి పిలిచాడు. అక్కడ కొత్త లాటు దింపి ఉంది. చంద్రకాంత్ సరుకు వెనక్కి పోయింది కాబట్టి ఎక్కడినుంచో తక్కువ ధరకు తెప్పించాడు. రవళి పై నుంచి నాలుగు తోళ్లు మడిచి చూసింది. నాలుగింటికీ ముడతలు లేచాయి. అక్కడక్కడా వెన్ను ముక్కలున్నా, దాదాపు అంతా పొట్టకాడి తోలే. నున్నగా, నల్లగా మెరుస్తోంది.

"ఇది బెల్టులకు పనికి రాదు సార్," అంది.

"టెస్ట్ చెయ్యకుండనేనా?"

"చేస్త. ఫెయిలైతది."

శ్రీకాంత్ నవ్వలేదు, కోపం కూడా తెచ్చుకోలేదు. ఒక మూలకు నడిచి, పరీక్షకు వాడి పక్కన పడేసిన చంద్రకాంత్ సైడ్లలో ఒకటి లాగి నేల మీద పరిచాడు. ముక్క కోసిన చోట చిల్లి ఉంది. వెన్ను దగ్గర కాదు, పొట్ట అంచున. ఇంకొకటి పరిచాడు. దానికీ అక్కడే.

"గా ముసలాయనతోని నీకేం పంచాదో నాకు తెల్వది, నాకు అవసరం లేదు," అన్నాడు. "నీకు కొయ్యడం చేతనైతది. ఈసారి గట్టి జాగల కొయ్యి. వెన్ను ముక్కలు అండ్ల కొన్ని ఉన్నయి. ఆర్డర్ లేటయింది రవళి. లేకపోతే ఈ చిల్లులు మేడంకు చూపిస్త."

మేడం అంటే కంపెనీ యజమాని నాగేశ్వరి.

రవళి ల్యాబుకు వచ్చి తలుపు వేసుకుంది. భయం కంటే ముందు ఆమెకు వచ్చింది సిగ్గు. శ్రీకాంత్ ఆమెను తనలాంటి మనిషే అనుకుని మాట్లాడాడు. దొంగను దొంగ పిలిచినట్టు పిలిచాడు. ఆ నల్లటి తోలు బెల్టులవుతుంది, బెల్టులు స్తంభాలెక్కుతాయి, ఏదో ఊళ్లో ఎవరో వెనక్కి వాలతారు. చంద్రకాంత్ కూడా ఒకప్పుడు సరిగ్గా ఇలాంటి గదిలోనే, ఇలాంటి తోలు ముందే నిలబడి ఉంటాడు. ఆ ఆలోచన వచ్చినందుకు కూడా ఆమెకు ఆయన మీద ఇంకాస్త కోపం వచ్చింది.

కొత్త లాటుకు నియమం ప్రకారం ముక్కలు కోసింది. అన్నీ ఫెయిలయ్యాయి. అలాగే రాసి సంతకం పెట్టి శ్రీకాంత్ బల్ల మీద పెట్టింది. రిపోర్టు మార్చడానికి సోమవారం దాకా టైమిస్తానన్నాడు అతను. ఆ మధ్యాహ్నమే సెలవు పెట్టి ఆటో ఎక్కి చంద్రకాంత్ కార్ఖానాకు వెళ్లింది.

గేటు దగ్గర ఎవరూ లేరు. నానబెట్టే గుంతల మీద రేకులు కప్పి ఉన్నాయి. షెడ్డులో చంద్రకాంత్ ఒక్కడే, ఆమె వాపస్ పంపిన సైడ్లను ఒక్కొక్కటిగా మడిచి చూస్తూ కూర్చున్నాడు. ఆమెను చూసి లేవబోయాడు.

"మీ తోలు మంచిగున్నది," అంది రవళి, నిలబడే. "ఫెయిల్ చేసింది నేను. కావాల్నని పొట్టకాడ కోసిన."

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలో తోలు జారిపోయింది. "ఎందుకు బిడ్డా? నేను నీకేం చేసిన?"

"మా బాపు పేరు యాదన్న. కొండాపూర్ కాడ స్తంభం మీదికెల్లి పడ్డడు. మీ బెల్టు తెగి."

చంద్రకాంత్ వంగి, జారిన తోలు తీసి పక్కన పెట్టాడు.

"ఉన్నడా?" అని అడిగాడు.

"ఉన్నడు. లేవడు. అది పొట్టకాడి తోలని మీకు ఎర్కేనా?"

ఆయన కాదంటాడని ఆమె ఏళ్ల తరబడి అనుకుంటూ వచ్చింది. కాదన్నాక ఏమనాలో, ఆ తర్వాత ఏం చూపించాలో అన్నీ సిద్ధం చేసుకుని ఉంది.

"ఎర్కే," అన్నాడు చంద్రకాంత్. "సంచుల పట్టీలకని పక్కకు పెట్టిన తోలు. బెల్టులు జల్దీ కావాలన్నరు. మంచి తోలు లేకుండె. ఇస్త్రీ పెట్టి, రంగు కొట్టి ఇచ్చిన. తెగదనుకున్న."

"తెగినంక?"

"తెగినంక భయమైంది. నోటికొచ్చింది అన్న. తర్వాత మల్ల గసుంటి తోలు ముట్టలే. దేవుని సాక్షి."

ఆ మాటతో రవళికి ఒళ్లు మండిపోయింది. ఈయన బాగుపడ్డాడు. తన తండ్రి కాళ్ల మీద నడిచి మంచి తోలు చేయడం నేర్చుకున్నాడు.

"మీరు మంచిగయింది మాకెందుకు?" అంది. "మా బాపు మాల తీసి గూట్ల వెట్టిండు. శనివారం భజన కాడికి రాండ్రి. ఆస్పత్రిల అందరి ముందల ఎట్లన్నరో, గట్లనే అందరి ముందల చెప్పాలె. గప్పుడు నేను మా మేడం కాడ మల్ల టెస్ట్ చేసి, తప్పు నాదని చెప్త."

"నువ్వు చెప్పకపోతే నేను కేసు పెడ్త. నా పోరగాండ్లంత పనిలేక పోయిండ్రు."

"పెట్టుండ్రి. కోర్టుల గూడ చెప్త. చెప్పేటప్పుడు బెల్టు గూడ తెస్త. ముందల మీరు, ఎనక నేను."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. అక్కడ బేరానికి చోటు కనిపించలేదేమో, తలూపాడు.

శనివారం సాయంత్రం భజన మొదలుకాకముందే చంద్రకాంత్ వచ్చాడు. రవళి, ఆగమ్మ యాదన్నను చక్రాల కుర్చీలో గుడి ముందుకు తోసుకొచ్చారు. ఎందుకు రమ్మంటున్నారో ఆయనకు చెప్పలేదు. ఇన్నేళ్ల తర్వాత ఆయన అక్కడికి రావడం చూసి మండలి వాళ్లు మాటలు ఆపేశారు.

చంద్రకాంత్ చెప్పులు విడిచి మధ్యలో నిలబడ్డాడు. మాటను చుట్టూ తిప్పలేదు. బెల్టు చేసింది తనేనని, అది పొట్టకాడి తోలని తనకు తెలుసని, యాదన్న కల్లు తాగాడన్నది తను కల్పించిన మాటని చెప్పాడు. చెప్పి చేతులు జోడించాడు. ఆయన గొంతు వణికింది. రవళి ఆ వణుకు కోసమే వచ్చింది. అది వినపడ్డప్పుడు కడుపులో చల్లబడింది. కాసేపే.

యాదన్న ఆయన్ను నిదానంగా చూశాడు. దణ్ణానికి బదులివ్వలేదు.

"సేటు," అన్నాడు. "గదే తోలుతోని ఇంకెన్ని బెల్టులు అమ్మినవ్?"

"యాదికి లేదు."

"ఎవరెవరికిచ్చినవ్?"

"కాంట్రాక్టర్లకు... సదాశివపేట, జోగిపేట దిక్కు."

"గవి ఇంక ఎవరి నడుములకో ఉండొచ్చు. తెలుసుకో. తెచ్చుకో. నాకు దండం పెట్టుడు తర్వాత."

భజన మండలి పెద్ద ఎల్లయ్య లేచి, తాళాలు తీసుకుని యాదన్న దగ్గరికి వచ్చాడు. "రా యాదన్న. నీ జాగ నీదే. మాది గలతయింది."

యాదన్న చెయ్యి చాచలేదు. "ఆయిన అబద్ధం ఒక్కసారి ఆడిండు, ఎల్లన్నా. మీరు దాన్ని వారం వారం నమ్మిండ్రు. నేను మీతోని చిన్నప్పటి సంది పాడిన మనిషిని." తర్వాత కూతురి వైపు తిరిగి, "ఇంటికి పోదాం పా," అన్నాడు.

ఇంటికి వెళ్లే దారంతా ఆగమ్మ కళ్లు తుడుచుకుంటూనే ఉంది. తన కోపం తల్లి నుంచి వచ్చిందని రవళి ఇన్నాళ్లూ అనుకుంది. కుర్చీ తోస్తూ తండ్రి నెరిసిన తల వెనక భాగాన్ని చూస్తుంటే అది నిజం కాదనిపించింది.

సోమవారం కంపెనీలో శ్రీకాంత్ నోరు తెరిచేలోపే ఆమె నాగేశ్వరి గదికి వెళ్లింది. చిల్లులున్న సైడ్లను తనే మోసుకెళ్లి కార్పెట్ మీద పరిచింది. కొత్త నల్ల తోలు కూడా పట్టుకెళ్లింది. నాగేశ్వరిని ల్యాబుకు తీసుకొచ్చి, ఆమె కళ్లముందే రెండింటికీ వెన్ను దగ్గర, పొట్ట దగ్గర ముక్కలు కోసి మిషన్‌కు పెట్టింది. చంద్రకాంత్ పంపిన తోలులో వెన్ను ముక్క తెగడానికి ఎంతసేపు పట్టిందంటే నాగేశ్వరి మిషన్ ఆగిపోయిందేమో అనుకుంది. నల్ల తోలు పొట్ట ముక్క మాత్రం దవడలు కదలగానే పోయింది.

"ఎందుకు చేసినవ్?" అని అడిగింది నాగేశ్వరి.

రవళి చెప్పింది. ఏదీ దాచలేదు. గోదాములో శ్రీకాంత్ ఏం చెయ్యమన్నాడో కూడా చెప్పింది.

నాగేశ్వరి కిటికీ దగ్గర నిలబడి విన్నది. "మీ నాయన సంగతికి నాక్కూడా బాధగనే ఉన్నది. గానీ నీ సంతకం మీద నేను మనుషుల ప్రాణాలు పెడుతున్న. ఇగ పెట్టలేను," అంది. ఉద్యోగం పోతుందని రవళి ముందే ఊహించింది. శ్రీకాంత్‌ను బెల్టుల పని నుంచి తీసేశారు, ఉద్యోగం నుంచి తీయలేదు. ఆ తేడా ఆమెకు గుచ్చుకుంది. నల్ల లాటు వెనక్కి పోయింది. చంద్రకాంత్‌కు ఆర్డరు వచ్చింది.

ఆ వారమే ఆయన ఫోన్ చేశాడు. తన కార్ఖానాలో పని ఇస్తానన్నాడు.

"మీ కాడ నీళ్లు గూడ తాగ," అంది రవళి. "బాపు చెప్పిన పని షురూ చేసిండ్రా?"

చేయలేదు. పాత కాంట్రాక్టర్లు దొరకడం లేదన్నాడు. తను వస్తానని, బండి తెమ్మని చెప్పింది.

తర్వాత రవళి సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాలు చేసే ఒక ఫ్యాక్టరీ ల్యాబులో చేరింది. ఆదివారం మాత్రం చంద్రకాంత్ పాత జీపు కంది ఊరి దగ్గర హైవే పక్కన ఆమె కోసం ఆగుతుంది. ఆమె వెనక సీట్లో కూర్చుంటుంది. దారిలో ఆయనతో మాట్లాడదు. ఊరూరా తిరిగి, స్తంభాలెక్కే మనుషుల ఇళ్లు అడిగి, పాత బెల్టులు తీయిస్తారు. చాలావాటిని ఎప్పుడో పారేశారు. ఉన్నవాటిని ఆమె మడిచి చూస్తుంది, అంచున చిన్న ముక్క కోసి భూతద్దంతో పరికిస్తుంది. మంచివి ఇచ్చేస్తుంది. పోగులు పడుకున్నవి ఆయన ముందు పడేస్తుంది. ఆయన కూర్చుని కత్తెరతో వాటిని తన చేత్తోనే ముక్కలు చేయాలి. చేతులు నొప్పెట్టినా ఆమె సాయం చేయదు. కొత్త బెల్టు ఇచ్చేటప్పుడు పాతది ఎందుకు పనికిరాదో ఆయనే చెప్పాలి. ప్రతి ఇంట్లో, ప్రతి మనిషికీ, ఆయన నోటితోనే.

జోగిపేట దాటాక ఒక ఇంట్లో అరుణమ్మ అనే ఆమె వాళ్లకు చాయ్ పెట్టింది. ఆమె భర్త పనికి పోయేటప్పుడు కట్టుకునే బెల్టు తలుపు వెనక వేలాడుతోంది. రవళి దాన్ని మడిచింది. ముడతలు లేచాయి. చంద్రకాంత్ మారుమాట లేకుండా కత్తెర తీశాడు.

అరుణమ్మ ఆ ముసలాయన కష్టపడి కొయ్యడం చూసి జాలిపడింది. "నువ్వన్న జెర పట్టరాదమ్మా," అంది రవళితో. "ఈయిన మీ నాయననా?"

"కాదు," అంది రవళి. "నేను యాదన్న బిడ్డను."

చాయ్ తాగి గ్లాసు కింద పెట్టి, ఆయన కోయడం అయ్యేదాకా గడప మీద కూర్చుంది.